నౌకాదళం నుంచి రాయబార కార్యాలయానికి: దారులు ఎన్ని, ఇరుకు ఎక్కడ?

క్లుప్తంగా

సైనిక నేపథ్యం ఉన్నవారు మన దౌత్యరంగంలోకి మూడు దారుల్లో వస్తున్నారు. రిటైరైన త్రివిధ దళాల అధిపతుల్లో కొందరిని ప్రభుత్వం రాయబారులుగా పంపుతుంది. సర్వీసులో ఉన్న అధికారులు రాయబార కార్యాలయాల్లో సైనిక ప్రతినిధులుగా, అంటే డిఫెన్స్ అటాషేలుగా వెళతారు. షార్ట్ సర్వీస్ కమిషన్ (పరిమిత కాలపు సైనికాధికారి ఉద్యోగం) ముగించుకున్నవారు సివిల్స్ రాసి భారత విదేశాంగ సర్వీసు (ఐఎఫ్ఎస్)లో చేరతారు. పత్రికలకెక్కేది మొదటి దారి, నిత్యం నడిచేది రెండోది, యువ అధికారులు ఎక్కువగా ఆశ పెట్టుకునేది మూడోది. ఆ మూడోదే అన్నిటికంటే ఇరుకు. దానికి కారణం పరీక్ష కష్టం ఒక్కటే కాదు, వయసు నిబంధన కూడా.

ముగ్గురూ ఒకరు కాదు

విశాఖ తీరంలో విదేశీ యుద్ధనౌకలు లంగరు దించిన ప్రతిసారీ ‘నౌకాదళ దౌత్యం’ అన్న మాట వార్తల్లోకి వస్తుంది. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకా సమీక్ష జరిగింది. 2022లో, 2024లో పలు దేశాల నౌకాదళాలు కలిసి చేసే మిలాన్ విన్యాసాలు జరిగాయి. 1995లో అండమాన్‌లో నాలుగు విదేశీ నౌకాదళాలతో మొదలైన మిలాన్ విశాఖకు వచ్చేసరికి పెద్ద జాతరంత అయింది. ఇలాంటి సందర్భాల్లో వేదిక మీద తెల్ల యూనిఫాంలో కనిపించే విదేశీ అధికారుల్లో చాలామంది రాయబారులు కారు. ఆయా దేశాల రాయబార కార్యాలయాల్లో పనిచేసే నౌకాదళ ప్రతినిధులు.

తేడా ఇదీ. రాయబారి ఒక దేశాధినేత తరఫున మరో దేశాధినేత దగ్గరికి వెళ్లిన మనిషి. రాయబార కార్యాలయం మొత్తానికి ఆయనే పెద్ద. కామన్వెల్త్ దేశాల మధ్య అదే హోదాను హై కమిషనర్ అంటారు. అటాషే ఆ కార్యాలయంలో ఒక విభాగం చూసే సైనికాధికారి. ఉద్యోగం సైన్యంలోనే, జీతం రక్షణ శాఖదే, పదవీకాలం అయ్యాక తిరిగి వచ్చేది యూనిట్‌కో హెడ్‌క్వార్టర్స్‌కో. ఐఎఫ్ఎస్ అధికారి సంగతి వేరు. ఒకప్పుడు సైన్యంలో ఉన్నా ఇప్పుడు పూర్తిగా సివిల్ ఉద్యోగి. (ఐఎఫ్ఎస్ అన్న పొట్టిపేరు అటవీ సర్వీసుకూ ఉంది. దానికి ప్రిలిమ్స్ ఉమ్మడిగా ఉన్నా మెయిన్స్ వేరు. దరఖాస్తులో టిక్కు పెట్టేటప్పుడు తడబడేవాళ్లు ఏటా ఉంటారు.)

అధిపతులను ఎక్కడికి పంపారు

సైన్యానికి తొలి భారతీయ అధిపతి కరియప్ప 1953 జనవరిలో రిటైరయ్యారు. ఆ వెంటనే ఆయన్ను ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు హై కమిషనర్‌గా పంపారు. 1956 దాకా అక్కడే ఉన్నారు. ప్రజల్లో పేరున్న సేనానిని రాజకీయాలకు దూరంగా ఉంచడానికే ఇలా చేశారన్న అభిప్రాయం అప్పటి నుంచీ వినిపిస్తూనే ఉంది. తర్వాతి కొన్నేళ్లలో పొరుగు దేశాల్లో సేనానులు ఒకరి తర్వాత ఒకరు గద్దెనెక్కారు కాబట్టి ఆ అనుమానాన్ని తేలిగ్గా తీసిపారేయలేం.

తర్వాతి పేర్లు చూస్తే ఒక వరస కనబడుతుంది. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ మీద సైనిక చర్య నడిపి, 1949 చివరి దాకా అక్కడ మిలిటరీ గవర్నర్‌గా ఉన్న జనరల్ జె.ఎన్. చౌధురి, సైన్యాధిపతిగా రిటైరయ్యాక 1966లో కెనడా వెళ్లారు. జనరల్ రైనా కూడా అదే కెనడాకు. జనరల్ బేవూర్ డెన్మార్క్‌కు. వాయుసేనకు చెందిన అర్జన్ సింగ్ మొదట స్విట్జర్లాండ్‌కు, తర్వాత కెన్యాకు. అడ్మిరల్ డాసన్, అడ్మిరల్ సురీశ్ మెహతా ఇద్దరూ న్యూజిలాండ్‌కు. ఇందులో ఏ దేశంతోనూ మనకు సరిహద్దు లేదు, సైనిక వివాదం లేదు. అక్కడ రాయబారి చేసే పని ఎక్కువగా వాణిజ్యం, వలస వెళ్లిన భారతీయుల బాగోగులు, మర్యాదపూర్వక సంబంధాలు. అంటే యుద్ధం తెలిసిన మనిషిని యుద్ధంతో పనిలేని చోటికి పంపడమే మన ఆనవాయితీ. అనుభవాన్ని వాడుకోవడం కంటే హోదాకు తగిన గౌరవం చూపడం ఇందులో ఎక్కువ. ఈ మాట ఆ నియామకాలను తక్కువ చేయడానికి కాదు, వాటి తర్కం అదని చెప్పడానికే.

మెహతా ఉదాహరణ విశాఖకు దగ్గరిది. 2005-06లో ఆయన తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతిగా ఇక్కడే ఉన్నారు. నౌకాదళాధిపతి అయ్యాక 2008 ఫిబ్రవరిలో హిందూ మహాసముద్ర నౌకాదళాల సదస్సు ఆయన హయాంలోనే మొదలైంది. తీరదేశాల నౌకాదళాధిపతులను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టిన వేదిక అది. నిజానికి ఆయన చేసిన పెద్ద దౌత్యకార్యం యూనిఫాంలో ఉండగా చేసిందే. న్యూజిలాండ్ పదవి తర్వాత వచ్చింది.

మినహాయింపులు లేకపోలేదు. చైనా యుద్ధం దెబ్బకు 1962 నవంబరులో పదవి వదులుకున్న జనరల్ థాపర్ 1964లో కాబూల్ వెళ్లారు. హైదరాబాద్‌లో పుట్టిన ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్ 1985 నుంచి 1988 దాకా పారిస్‌లో రాయబారి. మన వాయుసేన ఫ్రాన్స్ నుంచి మిరాజ్-2000 విమానాలు అందుకుంటున్న కాలమది. అంతకు రెండు దశాబ్దాల ముందు ఆయన వాషింగ్టన్‌లో ఎయిర్ అటాషేగా పనిచేశారు కనుక రెండు దారులూ నడిచిన మనిషి. 2019లో జనరల్ దల్బీర్ సింగ్ సుహాగ్‌ను సీషెల్స్‌కు పంపడమూ ఊరికే కాదు. ఆ ద్వీపదేశానికి మనం గస్తీ విమానాలు, నౌకలు ఇచ్చాం. అజంప్షన్ దీవిలో సదుపాయాల నిర్మాణానికి కుదిరిన ఒప్పందం మాత్రం అక్కడి వ్యతిరేకత వల్ల ముందుకు సాగలేదు.

రాయబారులు కాని అధిపతులకు గవర్నర్ గిరీ దక్కిన సందర్భాలూ ఎక్కువే. జనరల్ శ్రీనాగేశ్ 1962-64లో ఆంధ్రప్రదేశ్ గవర్నర్. తెలుగువారైన జనరల్ కె.వి. కృష్ణారావు ఈశాన్య రాష్ట్రాలకు, జమ్మూ కశ్మీర్‌కు గవర్నర్‌గా వెళ్లారు. సరిహద్దు రాష్ట్రాలకు సైనిక అనుభవం కావాలన్న ఆలోచన గవర్నర్ల విషయంలో కనిపించినంతగా రాయబారుల విషయంలో కనిపించదు.

రంగూన్: ఇద్దరు సైనికులు, ఒకే కుర్చీ

ఈ ఆనవాయితీకి గట్టి ఎదురు ఉదాహరణ బర్మా (నేటి మయన్మార్). పదేళ్లలో రెండుసార్లు అక్కడికి సైనిక నేపథ్యం ఉన్నవారిని పంపారు.

మొదటివారు వైస్ అడ్మిరల్ రామదాస్ కటారి. డఫరిన్ శిక్షణ నౌకలో తొలి బ్యాచ్ క్యాడెట్. 1958 ఏప్రిల్ 22న నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి అయ్యారు. అప్పటిదాకా ఆ కుర్చీలో ఉన్నవారందరూ బ్రిటిష్ అధికారులే. తొలి విమానవాహక నౌక విక్రాంత్ దళంలో చేరిందీ, గోవా చర్య జరిగిందీ ఆయన హయాంలోనే, రెండూ 1961లో. 1962లో రిటైరయ్యాక ఆయనకు దక్కిన పదవి చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది: ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ సారథ్యం. ఓడలు నడిపిన మనిషికి బస్సులు అప్పగించారు. అక్కడి నుంచి 1964లో బర్మా రాజధాని రంగూన్‌కు రాయబారిగా వెళ్లి 1969 వరకు ఉన్నారు.

ఆయన వెళ్లిన ఏడాది సామాన్యమైంది కాదు. 1962 మార్చి 2న జనరల్ నె విన్ సైనిక తిరుగుబాటుతో అధికారం చేజిక్కించుకున్నారు. 1964 మార్చిలో దుకాణాలు జాతీయం చేశారు. మేలో 50, 100 క్యాట్ (బర్మా కరెన్సీ) నోట్లు రద్దు చేశారు. భారతీయ వ్యాపారుల చేతిలో ఉన్న సరుకు, నగదు రెండూ కొద్ది వారాల తేడాలో పోయాయి. ఆ తర్వాతి కొన్నేళ్లలో సుమారు మూడు లక్షల మంది భారతీయులు బర్మా వదిలి వచ్చారు. వారిలో మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి తరాల కిందట రేవుల్లోనూ బియ్యం మిల్లుల్లోనూ కూలికి వెళ్లినవారి కుటుంబాలున్నాయి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువారిని కోరంగీలనే పిలిచేవారు. విశాఖలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అన్న పేరు నేటికీ నిలిచి ఉంది.

ఇలాంటి తరలింపులో రాయబార కార్యాలయానికి పడే పని ఎలాంటిదంటే: ముందు ఎవరు భారత పౌరులో తేల్చాలి. బర్మాలోనే పుట్టి ఏ దేశపు కాగితమూ లేనివారు ఎందరో ఉంటారు. వారికి ప్రయాణ పత్రం ఇవ్వాలంటే ఊరి పేరు, తండ్రి పేరు, పూర్వీకులు వచ్చిన జిల్లా రుజువు కావాలి. ఆ తర్వాత స్థానిక ప్రభుత్వం నుంచి వెళ్లడానికి అనుమతి. తీసుకెళ్లే బంగారం, నగదు మీద పరిమితులు. ఓడలో చోటు. ఈ గొలుసులో ఏ కొక్కెం ఊడినా కుటుంబం రేవులో ఆగిపోతుంది. ఓడల సామర్థ్యం, రేవు పనితీరు ఎరిగిన మనిషి రాయబారిగా ఉండటం ఇక్కడ నిజంగా అక్కరకొచ్చే విషయం. అదే సమయంలో ఎదుటి ప్రభుత్వమూ సైనికులదే. 1967 మార్చి 10న భారత-బర్మా భూసరిహద్దు ఒప్పందం రంగూన్‌లోనే కుదిరింది. 1,600 కిలోమీటర్లకు పైబడిన ఆ సరిహద్దును అంతకుముందు లాంఛనంగా ఖరారు చేసుకోలేదు.

రెండోవారు మేజర్ రాలెంగ్నావ్ ఖాతింగ్, అందరూ పిలిచే పేరు బాబ్. మణిపూర్‌లోని ఉఖ్రుల్‌కు చెందిన తంగ్‌ఖుల్ నాగా. రెండో ప్రపంచయుద్ధంలో బర్మా సరిహద్దున పోరాడి మిలిటరీ క్రాస్ పొందారు. 1951 జనవరిలో అస్సాం రైఫిల్స్ జవాన్లు సుమారు 200 మందితో బయలుదేరి, కొండదారుల్లో నడిచి ఫిబ్రవరిలో తవాంగ్ చేరి, అక్కడ భారత పాలన నెలకొల్పారు. తుపాకీ పేల్చకుండా ఊరి పెద్దలతో మాట్లాడి సాధించిన పని అది. ఆ తర్వాత సరిహద్దు పాలనా సర్వీసులో, నాగాలాండ్ ప్రధాన కార్యదర్శిగా పనిచేసి 1972 నుంచి 1975 దాకా బర్మాలో రాయబారిగా ఉన్నారు. నాగా తిరుగుబాటుదారులు సరిహద్దు దాటి బర్మా అడవుల్లో తలదాచుకునే రోజుల్లో, ఆ కొండల భాష, బంధుత్వాలు తెలిసిన మాజీ సైనికుణ్ని పంపడంలో ఉన్న లెక్క వేరే చెప్పనక్కర్లేదు.

కటారి, ఖాతింగ్ ఇద్దరి విషయంలోనూ పదవికీ అనుభవానికీ పొంతన కుదిరింది. కెనడా, న్యూజిలాండ్ నియామకాల్లో లేనిది ఇదే.

నియామకం జరిగే తీరు

రాయబారి పేరు ఖరారయ్యేది ఢిల్లీలో అయినా చివరిమాట ఎదుటి దేశానిది. దౌత్య సంబంధాలపై 1961లో కుదిరిన వియన్నా ఒప్పందం నాలుగో అధికరణ ప్రకారం ముందుగా ఆ దేశపు అంగీకారం తీసుకోవాలి. ఇది రహస్యంగా జరుగుతుంది. అది నిరాకరించవచ్చు, కారణం చెప్పాల్సిన పనిలేదు. అందుకే అంగీకారం రాకముందు పేరు బయటికి పొక్కితే ఇబ్బంది. సైనికుడి విషయంలో ఎదుటివారు చూసేవి ఎక్కువ: ఏ యుద్ధంలో ఎక్కడ ఉన్నాడు, ఏ దళానికి నాయకత్వం వహించాడు, గూఢచార విభాగంలో పనిచేశాడా. అంగీకారం వచ్చాక రాష్ట్రపతి సంతకంతో నియామక పత్రం తయారవుతుంది. దాన్ని అక్కడి దేశాధినేతకు స్వయంగా అందజేశాకే రాయబారి పూర్తి స్థాయిలో బాధ్యతలు చేపట్టినట్టు. న్యూజిలాండ్ లాంటి చోట ఆ పత్రం తీసుకునేది గవర్నర్ జనరల్.

బయటి నుంచి వచ్చిన రాయబారికి రోజువారీ పనిలో ఆధారం ఆయన డిప్యూటీ, ఆ కార్యాలయంలోని ఐఎఫ్ఎస్ అధికారులు. ఢిల్లీకి వెళ్లే కేబుల్ (అధికారిక సందేశం) ఎంత పొడవుండాలి, ఏది లిఖితపూర్వకంగా అడగాలి, ఏది మాటల్లోనే వదిలేయాలి అన్నవి ఏళ్లు పనిచేస్తేగాని పట్టుబడని విద్యలు. డిప్యూటీతో సఖ్యత లేని మాజీ సేనాని సంతకాలకే పరిమితమయ్యే ప్రమాదం ఉంటుంది.

యూనిఫాంలోనే దౌత్యం

అటాషే పని గురించి అపోహలే ఎక్కువ. గూఢచారి అనుకునేవాళ్లున్నారు. అసలు దౌత్య కార్యాలయం చేయాల్సిన పనుల్లో ‘న్యాయబద్ధమైన మార్గాల్లో’ ఆ దేశ పరిస్థితులు తెలుసుకుని స్వదేశానికి నివేదించడం ఒకటని వియన్నా ఒప్పందమే చెబుతోంది. అటాషే ఆ పనిని సైనిక వ్యవహారాల్లో చేస్తాడు. విన్యాసాలకు తేదీలు కుదర్చడం, మన ఓడ వారి రేవుకు వెళ్లేటప్పుడు అనుమతులు సంపాదించడం, శిక్షణ సీట్ల బేరం, ఆయుధాల అమ్మకాలు కొనుగోళ్లకు దారి వేయడం అన్నీ అతని బల్ల మీదివే. విశాఖకు మిలాన్ కోసం ఒక విదేశీ ఓడ వస్తోందంటే దాని వెనుక నెలల తరబడి నడిచే ఉత్తరప్రత్యుత్తరాల్లో రెండు వైపులా అటాషేలుంటారు.

వియన్నా ఒప్పందం ఏడో అధికరణ వీరికి ఒక ప్రత్యేక నిబంధన పెట్టింది. మిగతా దౌత్య సిబ్బందిని పంపే దేశం స్వేచ్ఛగా నియమించుకోవచ్చు. సైనిక, నౌకా, వైమానిక అటాషేల పేర్లను మాత్రం ముందుగా ఆమోదానికి పంపమని ఆతిథ్య దేశం అడగవచ్చు. సంబంధాలు చెడితే మొదటి వేటు పడేదీ వీరి మీదే. 2025 ఏప్రిల్ 22న పహల్గాం దాడి జరిగిన మర్నాడే ఢిల్లీలోని పాకిస్తాన్ హై కమిషన్‌లో ఉన్న రక్షణ, నౌకా, వైమానిక సలహాదారులను (హై కమిషన్లలో అటాషేలను ఇలా పిలుస్తారు) అవాంఛనీయ వ్యక్తులుగా ప్రకటించి వారం గడువిచ్చారు. ఇస్లామాబాద్ నుంచి మన సలహాదారులనూ వెనక్కి పిలిచారు. ఆ పోస్టులే రద్దయ్యాయి. హై కమిషనర్ కార్యాలయం మూతపడలేదన్నది గమనించాలి. సైనిక విభాగాన్ని తీసేయడం, పూర్తిగా తెగతెంపులు చేసుకోవడానికి ఒక మెట్టు ముందు.

అటాషేకు ఇద్దరు పెద్దలు. ఉన్న చోట రాయబారి, ఢిల్లీలో సైనిక వ్యవస్థ. సైనిక శ్రోతల ముందు మామూలుగా అనిపించే మాట విదేశీ వేదిక మీద రాజకీయ ప్రకటన అయిపోతుంది. 2025 జూన్‌లో జకార్తాలో జరిగిన ఒక సదస్సులో మన డిఫెన్స్ అటాషే ఆపరేషన్ సిందూర్ తొలి దశ గురించి, రాజకీయ నాయకత్వం పెట్టిన పరిమితుల గురించి చెప్పిన మాటలు దేశంలో దుమారం రేపాయి. ఆ మాటలను సందర్భం నుంచి విడదీసి చూపారని రాయబార కార్యాలయం వివరణ ఇవ్వాల్సి వచ్చింది. సదస్సులో అన్నది వేరు, సామాజిక మాధ్యమాల్లో తిరిగిన వీడియో ముక్క వేరు అన్న వాదన సబబే కావచ్చు. అయితే వీడియో తిరుగుతుందని ముందే ఊహించుకోవడం దౌత్యంలో భాగం.

ఈ విభాగం విస్తరిస్తోంది కూడా. 2024లో పోలండ్, ఆర్మేనియా, ఫిలిప్పీన్స్‌తో పాటు కొన్ని ఆఫ్రికా దేశాలకు కొత్తగా అటాషేలను పంపాలని నిర్ణయించారు. ఫిలిప్పీన్స్ బ్రహ్మోస్ క్షిపణులు కొన్న దేశం, ఆర్మేనియా మన ఆయుధాలకు కొత్త ఖాతాదారు. ఆయుధం అమ్మాక విడిభాగాలు, శిక్షణ, మరమ్మతుల సంబంధం ఏళ్ల తరబడి సాగుతుంది. అందుకు ఆ ఊళ్లోనే ఉండే సైనికాధికారి కావాలి.

పరీక్ష దారి: ఆగస్టు 1 లెక్క

విశాఖలో షార్ట్ సర్వీస్ అధికారుల మధ్య తరచూ నలిగే ప్రశ్న ఇది. సివిల్స్‌కు జనరల్ అభ్యర్థి ఆ ఏడాది ఆగస్టు 1 నాటికి 21 నిండి, 32 నిండకుండా ఉండాలి. మాజీ సైనికాధికారులకు ఐదేళ్ల సడలింపు ఉంది. అంటే 37 నిండకూడదు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వర్గాలవారికి వారి సడలింపు, ఇదీ కలిపి వర్తిస్తాయి. కాని ఈ ఐదేళ్లు అందరికీ రావు. షరతులు చదవకుండా రాజీనామా చేసినవారు చిక్కుల్లో పడుతున్నారు.

ఒకటి, ఆగస్టు 1 నాటికి కనీసం ఐదేళ్ల సైనిక సేవ ఉండాలి. రెండు, ఒప్పుకున్న కాలం పూర్తి చేసి విడుదలై ఉండాలి, లేదా ఆ తేదీ నుంచి ఏడాదిలోపు పూర్తి కావాలి. సేవలో కలిగిన అంగవైకల్యం వల్లో అనారోగ్యం వల్లో బయటికి వచ్చినా సరే. దుష్ప్రవర్తన వల్లో అసమర్థత వల్లో పంపేస్తే మాత్రం కుదరదు. సొంత కారణాలతో మధ్యలో మానేసినవారిని ‘కాలం పూర్తి చేసి విడుదలైనవారు’ అన్న మాట కలుపుకోదు. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. మూడు, మొదటి ఐదేళ్ల కాలం ముగిసి పొడిగింపులో ఉన్నవారు రక్షణ శాఖ నుంచి ధ్రువపత్రం తేవాలి: సివిల్ ఉద్యోగానికి దరఖాస్తు చేసుకోవచ్చని, ఎంపికైతే మూడు నెలల నోటీసుతో వదిలేస్తామని.

లెక్క వేసి చూద్దాం. 23వ ఏట కమిషన్ పొందిన అధికారికి పదేళ్ల సేవ ముగిసేసరికి 33. ఆగస్టు 1 నాటికి 33, 34, 35, 36 ఉన్న నాలుగు పరీక్షలు మిగులుతాయి. ఆర్మీలోలాగా మరో నాలుగేళ్లు పొడిగింపు తీసుకుంటే 37, తలుపు మూసుకుపోయినట్టే. పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టేముందే దౌత్యమా, యూనిఫామా అన్నది తేల్చుకోవాలి. అటెంప్టుల సంఖ్యలో మాత్రం మాజీ సైనికులకు అదనం లేదు. జనరల్ వర్గానికి ఆరే. సర్వీసులో ఉండగా సరదాగా రాసిన ప్రిలిమ్స్ కూడా లెక్కలోకి వస్తుంది.

రిజర్వేషన్ ఉందనుకోవడం ఇంకో అపోహ. 1962 చైనా యుద్ధం తర్వాత ఎమర్జెన్సీ కమిషన్ మీద (అత్యవసరంగా తీసుకున్న సైనికాధికారులుగా) చేరినవారికి ఒక దశలో ఐఏఎస్, ఐఎఫ్ఎస్, ఐపీఎస్‌లలో ఖాళీలు ప్రత్యేకించారు. అది ఆ తరానికే. ఇప్పుడు గ్రూప్-ఏ సివిల్ సర్వీసుల్లో మాజీ సైనికుల కోటా లేదు. 2,025 మార్కుల పోటీలో మిగతావారితో సమానంగా నిలవాలి. ఐఎఫ్ఎస్ ఖాళీలు ఏటా పదుల్లోనే.

సీటు వచ్చాక మరో లెక్క మొదలవుతుంది. ముస్సోరీలో ఫౌండేషన్ కోర్సు, ఢిల్లీలోని సుష్మా స్వరాజ్ విదేశీ సేవా సంస్థలో శిక్షణ, ఆపై ఒక విదేశీ భాష కోసం ఏదో ఒక రాజధానికి థర్డ్ సెక్రటరీగా పంపుతారు. ఆ భాషలో పాసైతేనే ఉద్యోగం ఖాయం. 24 ఏళ్ల తోటివారితో కలిసి 37లో చైనీసో అరబ్బీయో మొదలుపెట్టడం తేలిక కాదు. సైన్యంలో గడిపిన పదేళ్లు సీనియారిటీలో కలవవు. మాజీ లెఫ్టినెంట్ కమాండర్ బ్యాచ్‌లో తన ర్యాంకు చోటులోనే నిలబడతాడు. 60కి రిటైర్మెంట్ కనుక అతనికి మిగిలేది 23 ఏళ్లు. చిన్న దేశానికి రాయబారి కావడానికి ఆ కాలం చాలుతుంది. మూడు దశాబ్దాలకు పైగా సర్వీసు కావాల్సిన కార్యదర్శి స్థాయి అందదు.

ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ అడ్డొస్తుంది

సంక్షోభంలో సైనిక అనుభవం వెంటనే పనికొస్తుంది. 2006లో లెబనాన్ నుంచి, 2015లో యెమెన్ నుంచి, 2023లో సూడాన్ నుంచి మనవారిని నౌకలు తీసుకొచ్చాయి. 2011లో లిబియాకు, 2020లో మాల్దీవులకు వెళ్లిన యుద్ధనౌక జలాశ్వ విశాఖదే. యెమెన్ తరలింపును మాజీ సైన్యాధిపతి, అప్పటి విదేశాంగ సహాయమంత్రి వి.కె. సింగ్ జిబూతీలో మకాం వేసి పర్యవేక్షించారు.

తరలింపు ఆగిపోయేది ఎక్కువగా కాగితం దగ్గరే. కార్మికుడి పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంటుంది. అతనికి రాయబార కార్యాలయం అత్యవసర ధ్రువపత్రం ఇవ్వాలి. జాబితాలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో చివర ఉంటే ఓడ ఎక్కించే చోట పేరు దొరకదు. తెలుగువారికి ఈ తిప్పలు మరీ ఎక్కువ. బస్సులు రేవుకు చేరే సమయానికి కాల్పుల విరామం ఉండాలి. ఓడ జెట్టీకి రాలేకపోతే చిన్న పడవల్లో చేరవేయాలి. అప్పుడు వృద్ధులను, చంటిబిడ్డల తల్లులను ముందు పంపాలన్న వరస ఎవరో ఒకరు గట్టిగా నిలబడి అమలు చేయాలి. ఇవన్నీ సైన్యంలో అలవాటైన పనులు.

అడ్డొచ్చేది మరో అలవాటు. సైన్యంలో ఆదేశం స్పష్టంగా ఉండాలి, అస్పష్టత ప్రాణాలు తీస్తుంది. సంప్రదింపుల్లో కొన్ని వాక్యాలను కావాలనే రెండు అర్థాలు వచ్చేలా రాస్తారు, ఇరుపక్షాలూ ఇంటికెళ్లి తమ ప్రజలకు చెప్పుకోవడానికి. అవును, కాదు తప్ప మూడో మాట పలకని మనిషికి ఈ రాత మింగుడుపడదు. ఫలానా తేదీకి ఫలానా ఫలితం అన్న పట్టుదల కూడా అంతే. ఒక వీసా ఒప్పందం ఇద్దరు రాయబారుల పదవీకాలాలు మింగేయవచ్చు.

ఇతర దేశాల తీరు

అమెరికా పద్ధతి మనకు దాదాపు తలకిందులు. యుద్ధం నడుస్తున్న, లేదా యుద్ధ భయం ఉన్న చోటికే సేనానులను పంపుతుంది. మాక్స్‌వెల్ టేలర్ 1964-65లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌లో, కార్ల్ ఐకెన్‌బెరీ 2009-11లో కాబూల్‌లో, అడ్మిరల్ హారీ హారిస్ 2018-21లో సియోల్‌లో రాయబారులు. ఐకెన్‌బెరీ అంతకుముందు అఫ్గానిస్తాన్‌లోనే బలగాలకు నాయకత్వం వహించారు. 2009 చివర్లో అదనపు బలగాలు కావాలని అక్కడి సేనాధిపతి జనరల్ మెక్‌క్రిస్టల్ కోరితే, వద్దంటూ కేబుళ్లు పంపింది ఈ మాజీ జనరలే. సైనికుణ్ని రాయబారిగా పంపితే సైన్యం మాటే మాట్లాడతాడన్న అంచనాకు ఇది చెంపపెట్టు. పాకిస్తాన్ జనరల్ కరామత్‌ను, తర్వాత మహమూద్ దురానీని వాషింగ్టన్‌కు పంపింది. అక్కడ విదేశాంగ విధానంలో సైన్యానికి ఉన్న పట్టు తెలిసిందే. శ్రీలంక 2020లో మాజీ నౌకాదళాధిపతి జయనాథ్ కొలంబగేను ఏకంగా విదేశాంగ కార్యదర్శిని చేసింది.

అగ్నివీరుల ప్రశ్న

ఇక ముందు ఉత్తరాంధ్రలో ఎక్కువగా వినిపించబోయే ప్రశ్న అగ్నివీరులది. నాలుగేళ్ల సేవకే జవాన్లను తీసుకునే ఈ కొత్త పద్ధతిలో చేరిన తొలి బ్యాచ్‌ల కాలం 2026 చివరి నుంచి పూర్తవుతాయి. సివిల్స్ వయసు సడలింపుకు ఐదేళ్ల సేవ కావాలి కనుక వారికి అది వర్తించదు. అయితే వారికి దాని అవసరమూ అంతగా లేదు. పదిహేడున్నర నుంచి 21 ఏళ్ల మధ్య చేరినవారు 25 లోపే బయటికొస్తారు. తొలి ఏడాది ప్రత్యేకంగా 23 దాకా అనుమతించారు కాబట్టి వారిలో పెద్దవారికి 27. మామూలు 32 పరిమితికే ఇంకా ఐదు నుంచి పదేళ్లు మిగులుతాయి. పదో తరగతి, ఇంటర్ తర్వాత చేరినవారికి అసలు కొరత డిగ్రీ. సర్వీసులో నేర్చుకున్న నైపుణ్యానికి సగం క్రెడిట్లు ఇచ్చే డిగ్రీని ఇగ్నో వారి కోసం రూపొందించింది. దాన్ని నాలుగేళ్లలోనే పూర్తి చేస్తే బయటికి వచ్చిన ఏడాదే ప్రిలిమ్స్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. చేయకపోతే ఆ డిగ్రీ కోసమే మరో మూడేళ్లు పోతాయి.